బోరు పాయింటు చూపిన టిల్లరు

ఆ బుధవారం పొద్దున రామతులసమ్మ అనుకున్న పని పెద్దదేం కాదు. మధ్యాహ్నం పన్నెండు గంటలకల్లా వసారాలోని ఇనుమంతా పాత సామాన్ల జాఫర్ ఆటో ఎక్కాలి. పొద్దు వాలేలోపల వసారా కడిగి, సున్నం కొట్టి, గుంజ పాతాలి. మర్నాడు గిద్దలూరు నుంచి చెల్లెలు మహాలక్ష్మి పంపిస్తున్న సూడిబర్రెను ఆ గుంజకు కట్టాలి. ఇంతే పని. ఇందులో అడ్డం ఒక్కటే, ఆ ఇనుము గల మనిషి ఆవిడ మొగుడు కావడం.

నాగేశ్వర్లు బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు మెకానిక్కుగా చేసి, రిటైరైన మర్నాడే పుల్లలచెరువు అవతల అడవి అంచున ఉన్న సొంత ఊరికి వచ్చేశాడు. వచ్చినవాడు అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటే సరిపోయేది. చేతులు ఊరుకోలేదు. ఎక్కడ పాత పవర్ టిల్లరు మూలన పడి ఉందని విన్నా పోయి తెచ్చేవాడు. టిల్లరంటే చిన్న ట్రాక్టరే, కాకపోతే ఎక్కి కూర్చునేది కాదు, వెనక నడుస్తూ పొడుగాటి పిడులు పట్టుకుని తోలేది. ఆ పిడుల కింద మట్టిని తిరగతోడే కత్తుల చక్రం ఉంటుంది, దాన్ని రోటవేటరు అంటారు. నలభై ఏళ్ల కిందట తోటలున్నవాళ్లు మోజుపడి కొన్నారు. పెద్ద ట్రాక్టర్లు వచ్చాక ఇవి కోళ్లగూళ్లయ్యాయి.

అట్లాంటివి వసారాలో మూడున్నాయి. కొమరోలు నుంచి వచ్చింది ఒకటి, మార్కాపురం పలకల గని దగ్గర దొరికింది ఒకటి. మూడోది కొనకనమిట్ల టిల్లరు. దాని ఇంజను విప్పితే లోపల కోడి పొదిగిన గుడ్ల పెంకులు దొరికాయి. నాగేశ్వర్లు దాని నట్లన్నీ కిరసనాయిల్లో నెల రోజులు నానబెట్టాడు, పిస్టను రింగులు వెతికి తెచ్చాడు, వాల్వులు చేత్తో నూరాడు, గ్యాస్కెట్టు అట్టముక్కతో కోసుకున్నాడు, చివరికి కుంకుమరంగు పెయింటు కూడా వేశాడు. అన్నీ చేశాడు గానీ నాలుగేళ్లయినా అది ఒక్కసారి దగ్గింది కూడా లేదు.

పోయిన వారం మాట ముదిరింది. "ఏమయ్యా, ఈ వసారా బర్రెలకు కట్టిచ్చినామా, ఇనుముకు కట్టిచ్చినామా?" అని అడిగింది రామతులసమ్మ.

"ఇనుము పేడ వెయ్యదు కదే," అన్నాడు ఆయన ఎమిరీ కాగితంతో రుద్దుతూ.

"పాలు కూడా ఇయ్యదు."

జాఫర్ అప్పుడే పాత డబ్బాల కోసం వచ్చి గడపలో కూర్చుని ఉన్నాడు కాబట్టి అతన్ని సాక్షిగా పెట్టుకుని మొగుడూ పెళ్లాం ఒప్పందం చేసుకున్నారు. బుధవారం పన్నెండు గంటల లోపల ఆ కొనకనమిట్ల టిల్లరు లేచి, పెరట్లో గోంగూర మడి దున్నితే వసారా ఆయనది, ఆవిడ ఇంకెప్పుడూ ఆ ఊసెత్తకూడదు. దున్నకపోతే మూడు టిల్లర్లూ, కత్తుల చక్రాలూ, డబ్బాల నిండా ఉన్న నట్లూ అన్నీ జాఫర్ ఆటోలోకి పోవాలి, వసారా బర్రెది. నువ్వు ఎవరి పక్కరా అని రామతులసమ్మ అడిగితే జాఫర్ ఉన్నమాటే చెప్పాడు. "నేను ఎవరి పక్కా కాదు పెద్దమ్మా. ఇనుము ఏ పక్క పోతే ఆ పక్క."

బుధవారం ఏడున్నరకు టిల్లరు పెరట్లోకి వచ్చింది. పూజ చెయ్యనిదే బండి కదిలించకూడదన్నది డిపో రోజుల నుంచి నాగేశ్వర్లు పట్టింపు. రామతులసమ్మకు ఆ బండి మీద ఎంత కోపమున్నా పూజ మాత్రం పూజే. పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. టెంకాయ ఇంజను లేచిన తర్వాతే కొట్టాలని ఆయన అనడంతో, దాన్ని ముందు మూత మీద పెట్టి, అదురుకు దొర్లకుండా పసుపుదారంతో వదులుగా కట్టింది. కర్పూరం వెలిగించి, ఇది లేవకూడదు స్వామీ అని మొక్కింది. పక్కన ఆయన లేవాలని మొక్కాడు. దేవుడు ఎవర్నీ చిన్నబుచ్చలేక ఇద్దరి మాటా సగం సగం విన్నట్టున్నాడు.

ఎందుకంటే టిల్లరు లేచింది. మూడోసారి హ్యాండిల్ తిప్పేసరికి నల్లటి పొగ కక్కి, పెరట్లో కోళ్లన్నీ గోడెక్కేలా టపటపమని మొదలుపెట్టింది. నాగేశ్వర్లు మొహం నాలుగేళ్ల తర్వాత విచ్చుకుంది. గేరు వేసి, రోటవేటరు తగిలించి, క్లచ్చు వదిలాడు. బండి నాలుగడుగులు బుద్ధిగా వేసింది. అయిదో అడుగుకు పిడులు ఊడి ఆయన చేతిలోకి వచ్చేశాయి.

ఆ పిడులను బండికి పట్టి ఉంచాల్సిన బోల్టులు నాలుగు. సైజు దొరకలేదని ఆయన రెండిటితోనే బిగించి, మిగతా రెండు చోట్లా కట్టుతీగ చుట్టాడు. ఈ సంగతి రామతులసమ్మకు అప్పటిదాకా తెలియదు. క్లచ్చు మీట ఆ పిడి మీదే ఉంది. ఇంజను నెమ్మది చేసే మీట కూడా దాని మీదే ఉంది. తీగలు తెగి, రెండు మీటలూ ఆయన చేతిలో ఉండిపోయాయి, బండి మాత్రం ముందుకు పోతూ ఉంది.

"ఆపయ్యా దాన్ని."

"ఆపేదంతా నా చేతిలోనే ఉందే," అన్నాడు నాగేశ్వర్లు, పిడులను ఎత్తి చూపిస్తూ.

డీజిలు కుళాయి కట్టేద్దామని ముందుకు పరుగెత్తాడు గానీ, కుళాయి దొరక్క గొట్టం నేరుగా తగిలించింది తనేనని అప్పుడు గుర్తొచ్చింది. టిల్లరు గోంగూర మడికి అడ్డంగా ఒకే ఒక్క చాలు తీసి, ముళ్లకంప తొక్కుకుంటూ సందులోకి దిగింది. దాని వేగం మనిషి నడకంత. అందుకని ఎవరికీ పరుగెత్తే అవసరం రాలేదు. దాన్ని ముట్టుకునే ధైర్యమూ రాలేదు, వెనక కత్తులు గిర్రున తిరుగుతున్నాయి. ముందు టిల్లరు, వెనక పిడులు పట్టుకుని నాగేశ్వర్లు, ఆయన వెనక కొంగు నడుముకు దోపుకుని రామతులసమ్మ, ఆ వెనక సాక్షి జాఫర్.

మరి చూసినవాళ్లు ఏమనుకుంటారు. పసుపూ కుంకుమా, పూలదండ, టెంకాయ, వెనక మొగుడూ పెళ్లాం. ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే చెప్పులు విడిచి వెనక నడవడం మొదలుపెట్టారు. ఎదురింటి ఖాజాబీ చీపురు పక్కన పెట్టి, ఏ దేవుడి ఊరేగింపు వదినా, ఎందాకా పోతుంది అని అడిగింది. అది పోయిన కాడికి అని చెప్పింది రామతులసమ్మ. అందులో అబద్ధమేం లేదు.

టీకొట్టు దగ్గర గురునాథం లేచి నిలబడ్డాడు. ఈయన బోర్లకు పాయింట్లు చూసే మనిషి. ఆ ఊళ్లో నీళ్లు ఆరు వందల అడుగుల కిందికి పోయాయి, పడినా పప్పు ఉడకని ఉప్పునీళ్లు. అయినా బోరు వెయ్యాలంటే ముందు గురునాథాన్ని పిలుస్తారు. ఆయన అరచేతిలో టెంకాయ అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. టెంకాయ ఎక్కడ నిక్కి నిలబడితే అక్కడ నీళ్లున్నట్టు. ఇప్పటికి ఇరవై రెండు పాయింట్లు చూపించాడు, ఆరింటిలో తడి కనిపించింది. మిగతావాటిలో రైతులు రెండు రోజులు ఆలస్యం చేశారనీ ఈలోపల నీళ్లు పక్క చేలోకి జరిగిపోయాయనీ చెబుతాడు. ఆ గురునాథం టిల్లరు మీద అడ్డంగా పడుకుని ఉన్న టెంకాయను చూశాడు. చూసి గుంపు ముందుకు వచ్చాడు.

సందు చివర నరసింహారావు బత్తాయి తోట ఉంది. చుట్టుపక్కల చేలన్నీ ఎండి పగుళ్లిచ్చినా ఆ తోట రెండెకరాలూ ఎప్పుడూ పచ్చగా ఉంటుంది. నా బోరు రాసిపెట్టిన బోరు అంటాడు నరసింహారావు. టిల్లరు కంచె సందులోంచి తోటలోకి దూరి, గట్టున పాతిన పలకరాతికి మూతి ఆనించి ఆగింది. ఆగిందంటే ముందుకు పోవడం ఆగింది. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, వెనక కత్తులు ఉన్నచోటే తవ్వుతూనే ఉన్నాయి. మట్టి, రాళ్లు ఎగిరిపడ్డాయి. జానెడు గుంట మూరెడయింది. లోపల ఏదో పటుక్కుమంది, ఇంజను రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి చచ్చిపోయింది. ఆ చివరి కుదుపుకు మూత మీది టెంకాయ లేచి, పిలక పైకి పెట్టుకుని నిటారుగా నిలబడింది.

ఊరంతా ఆ టెంకాయను చూసింది. గురునాథం ముందుకు వచ్చి, గుంటలోంచి చిటికెడు మట్టి తీసి నుదుట పెట్టుకున్నాడు.

"ఇది బండి కాదప్పా. నేను ముప్పై ఏళ్లు నడిచినా గానీ ఇట్ల నిలబడిన టెంకాయను చూళ్లేదు. ఈడ నీళ్లుండాయి."

నరసింహారావు పంచె ఎగ్గట్టుకుని పరుగున వచ్చాడు. తన తోటలో నీళ్ల పాయింటు పడిందంటే ఎవరైనా సంతోషిస్తారు. ఆయన మొహం మాత్రం పచ్చి వెలక్కాయ మింగినట్టు బిగుసుకుపోయింది. నీళ్లూ లేవు గీళ్లూ లేవు, బండి తీసుకుని పోండి, నేనే మనుషుల్ని పెట్టి గుంట పూడ్పించుకుంటాను అన్నాడు. ఉన్నవాడికి ఆశ ఎక్కువ, దేవుడిచ్చింది ఊరికి తెలియకుండా దాచుకుందామని చూస్తున్నాడు అని జనం అర్థం చేసుకున్నారు. ఎంత పొమ్మంటే అంత దగ్గరికి వచ్చారు. బండిని లాగుదామంటే పట్టుకోవడానికి పిడులు లేవు. పిడులు మళ్లీ బిగిద్దామంటే, పాయింటు చూపిన బండిని పూజ చెయ్యకుండా ముట్టుకోకూడదన్నాడు గురునాథం. పూజకు కర్పూరం కావాలి. కర్పూరానికి మనిషి పోయి వచ్చేసరికి తొమ్మిదయింది.

తొమ్మిది గంటలకు గుంటలో మట్టి తడిసింది. తడి బుడగలయింది. బుడగలు ఊటయ్యాయి. ఆ తర్వాత చెయ్యి లావు ధార మోకాలెత్తు లేచి, టిల్లరు పొట్ట కింద తగిలి, దానికి పెట్టిన పసుపంతా కడిగేసింది.

ఇంక చెప్పేదేముంది. ఆడవాళ్లు బిందెల కోసం పరుగెత్తారు. మగవాళ్లు నాగేశ్వర్లు చుట్టూ మూగారు. మా చేలోకి ఎప్పుడు తీసుకొస్తావని ఒకరు, ముందు మాది, మేము రెండు బోర్లు వేసి దెబ్బతిన్నామని ఇంకొకరు. పక్క ఊళ్లకు ఫోన్లు పోయాయి. గురునాథం అప్పటికే ఎవరి చేలోకి ఏ రోజని వేళ్ల మీద వరస చెబుతున్నాడు. బంతిదండ ఒకటి నాగేశ్వర్లు మెడలో కూడా పడింది. ఆయన మెకానిక్కు. ఆ బండిలో దేవుడు లేడనీ ఉన్నవి పిస్టను రింగులనీ ఆయనకు తెలుసు. అయినా నాలుగేళ్లుగా ఎవరూ మెచ్చుకోని పనికి ఊరంతా దండం పెడుతుంటే కాదనడానికి నోరు రాలేదు.

"కంప్రెషను బాగా కుదిరింది," అని మాత్రం అన్నాడు.

రామతులసమ్మకు అసలు చిక్కు వచ్చింది మాత్రం అటు తర్వాత. నలుగురు పెద్దమనుషులు చేరి, ఇంతటి బండిని ఎక్కడ పెట్టాలి, దాని వసారాలోనే పెట్టాలి, వసారాకు గుడ్డ కట్టి రోజూ దీపం పెట్టాలి అని తీర్మానం చేశారు. ఆవిడ అక్కడే ఉంది, ఆవిడను ఎవరూ అడగలేదు. ఇనుము అయితే పోట్లాడి పారేయించవచ్చు. దేవుణ్ణి ఖాళీ చెయ్యమని ఎవరు చెప్పగలరు. రేపు బర్రె వచ్చి ఎక్కడ నిలబడుతుంది.

అప్పుడు నరసింహారావు ఆవిడను ఒక చెట్టు పక్కకు పిలిచాడు. ఆయన ఎప్పుడూ ఎవరితోనూ అంత మెత్తగా మాట్లాడినట్టు ఆవిడకు గుర్తులేదు.

"అక్కా, నువ్వు మొదట్నుంచి చెప్పిందే న్యాయం. ఆ బండిని ఇప్పుడే జాఫర్ ఆటో ఎక్కిచ్చి పంపిచ్చెయ్. నా మనుషుల్నిస్తా, నీ వసారా గంటలో ఖాళీ అయితాది. బర్రెకు రెండు ట్రాక్టర్ల చొప్ప కూడా తోలిస్తా."

రామతులసమ్మకు ఇంకేం కావాలి. పొద్దున మొక్కిందంతా చొప్పతో సహా చేతికొచ్చింది. జాఫర్‌ను కేకెయ్యడానికి తిరిగింది కూడా. ఈలోపల ఖాజాబీ చెంబుతో నీళ్లు పట్టుకుని వచ్చి, పుణ్యం వదినా, ఒక గుక్క తాగు, తియ్యగా ఉన్నాయి అని చేతిలో పోసింది.

ఆవిడ తాగింది. తియ్యగానే ఉన్నాయి. గొంతు దిగాక బ్లీచింగు వాసన వచ్చింది.

ఆ వాసన ఆవిడకు బాగా తెలుసు. ఊరికి ట్యాంకు నీళ్లు మూడు రోజులకొకసారి వదులుతారు. అందులో బ్లీచింగు పొడి కలుపుతారు కాబట్టి ఆవిడ ఆ నీళ్లను రాత్రంతా మూత తీసి ఉంచిగానీ తాగదు. నేలలో ఊరిన ఉప్పునీళ్లకు ఆ వాసన ఎక్కడిది. పైగా ఇవాళ వంతు రోజు, ధార లేచింది సరిగ్గా తొమ్మిదికి, నీళ్ల మనిషి సామ్యేలు వాల్వు తిప్పేది కూడా తొమ్మిదికే. ఆవిడ వీధి ఊరికి చివర. రెండేళ్లుగా వాళ్ల కుళాయి వంతు రోజున కూడా గాలి ఊది ఊరుకుంటోంది, పై వీధుల్లో పట్టి మోసుకోవాల్సిందే. దానికోసం ఆవిడ సామ్యేలును తిట్టని తిట్టు లేదు.

నోరు మూసుకుంటే వసారా వస్తుంది, చొప్ప వస్తుంది. ఆవిడ చెంబు వైపు చూసింది. దాన్ని పట్టుకుని నిలబడ్డ ఖాజాబీ కాళ్లవైపు చూసింది. వంతు లేని రోజున ఆ కాళ్లు అర మైలు నడిచి వాగు ఒడ్డు చేతిపంపు దగ్గరికి పోతాయి, వాటి పక్కన తన కాళ్లు కూడా.

సామ్యేలు కూడా గుంపులోనే ఉన్నాడు. వాల్వు తిప్పి, వింత చూద్దామని వచ్చి చేతులు జోడించుకుని నిలబడ్డాడు. రామతులసమ్మ అతన్ని పిలిచింది.

"సామ్యేలూ, పోయి నీ వాల్వు కట్టేసి రా నాయనా."

"ఇప్పుడేందత్తా, ఇంకా గంట వదలాల."

"కట్టేసి రా. మళ్లీ విప్పుదువు."

అతను పోయాడు. కాసేపటికి ధార కుంగింది, బుడగయింది, గుంటలోకి ముడుచుకుని నిలిచిపోయింది. ఆడమనిషి తొందరపడి మాట్లాడింది, నీళ్లిచ్చే అమ్మ అలిగింది, అన్నాడు గురునాథం. రామతులసమ్మ వాల్వు దగ్గరున్న సామ్యేలుకు కేకేసి, మళ్లీ విప్పమంది. ధార లేచింది. మళ్లీ కట్టేయమంది. పడిపోయింది. మూడోసారి లేచేసరికి గురునాథం తన చెప్పులు వెతుక్కుని తొడుక్కున్నాడు.

"అమ్మ అలిగేదీ నవ్వేదీ సామ్యేలు చేతిలో ఉంది," అంది ఆవిడ. "ఇవి ట్యాంకు నీళ్లు."

నిజం చెప్పి ఊపిరి తీసుకుందో లేదో, ఆ నిజం తిరిగొచ్చి ఆవిడ ఇంటి మీదే పడింది. అందరికన్నా ముందు తేరుకున్నది నరసింహారావు. చూసినారా, ఊరి నీళ్ల పైపు పగలగొట్టినాడు, కేసు పెట్టాల్సిందే అని గొంతెత్తాడు. అర గంట కిందట నాగేశ్వర్లు మెడలో దండ వేసిన చేతులే ఇప్పుడు ఆయన వైపు వేలు చూపించాయి. ఒకరు దండ తిరిగి తీసేసుకున్నారు కూడా. ఎవరో ఫోను చేస్తే పంచాయతీ సెక్రటరీ లీదియా స్కూటీ మీద వచ్చింది. చిన్నపిల్లే గానీ కాగితం తీసిందంటే మామూలు మనిషి కాదు. పైపు పగలగొట్టిన వాహనం ఎవరిది అని అడిగింది.

నాగేశ్వర్లు పొద్దుటి నుంచీ ఆ పిడులు కింద పెట్టలేదు. వాటినే గట్టిగా పట్టుకుని, నాదేనమ్మా అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా రావడం రామతులసమ్మ ఎప్పుడూ వినలేదు. ఆ ఇనుమును తను ఎన్ని మాటలైనా అనొచ్చు. ఇంకొకరు అంటుంటే ఆవిడకు వొళ్లు మండింది. దాంతో సామ్యేలు మీదికి తిరిగి, ఊరి పైపు మూరెడు లోతులో ఎవడు పాతినాడు, పందులు తవ్వినా పగిలేట్టుగా, అని నిలదీసింది.

సామ్యేలు గుంటలోకి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మా పైపు ఇట్ల ఉండదత్తా. అది నడుము లోతులో ఉంటాది, అదీ సందుకు అవతల పక్క. ఈ పైపు మాది కాదు."

"మరి ఎవరిది?" అంది లీదియా, రాసేది ఆపి.

ఎవరిదో పైపునే అడిగారు. పారలు తెచ్చి, అది ఎటు పోతే అటు తవ్వుకుంటూ పోయారు. ఒక కొస సందు కిందుగా పోయి ట్యాంకు పెద్ద పైపుకు అతుక్కుని ఉంది. రెండో కొస బత్తాయి చెట్ల మధ్యగా పోయి, నరసింహారావు బోరు గది కింద సిమెంటు తొట్టిలో తేలింది. ఆ గది తలుపు తీస్తే, రాసిపెట్టిన బోరు మోటారు స్టార్టరు డబ్బాలో కందిరీగలు మూడంతస్తుల గూడు కట్టుకుని కాపురం చేస్తున్నాయి. దాన్ని రెండేళ్లుగా ఎవరూ తాకలేదు. తాకే పనిలేకుండా వంతు రోజున చివరి వీధి నీళ్లు తోటలోకి వస్తుంటే ఎందుకు తాకుతారు.

ఆ పైపు ఎవరు వేశారో నాకు తెలియదన్నాడు నరసింహారావు. చివరి వీధి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఆయన చుట్టూ నిలబడ్డారు. ఆయన కాసేపు చెట్ల వైపు, కాసేపు బిందెల వైపు చూసి, బోరు గది మెట్టు మీద కూర్చున్నాడు. గురునాథం ఒక్కడే తన మాట మీద నిలబడ్డాడు. నీళ్లున్న చోటే చూపించిందా లేదా అని అందర్నీ పేరుపేరునా అడిగాడు. దానికి మాత్రం ఎవరూ కాదనలేకపోయారు.

సరిగ్గా పన్నెండయింది. జాఫర్ ఫోను తీసి టైము చూపించాడు. సాక్షి కదా, తీర్పు చెప్పక తప్పలేదు. "బండి లేచింది, పెదనాయన గెలిచినాడు. మడి ఒక్క చాలే దున్నింది, పెద్దమ్మ గెలిచింది. ఇంక ఇనుము సంగతి," అని ఆగి లీదియా వైపు చూశాడు.

ఇనుము సంగతి లీదియా అప్పటికే రాసేసింది. నేరం ఈ వాహనం వల్ల బయటపడింది కాబట్టి, వాహనమూ ఊడిన పిడులూ విచారణ ముగిసేదాకా పంచాయతీ ఆఫీసు వరండాలో సాక్ష్యంగా ఉండాలి, ఎవరూ కదిలించకూడదు, అమ్మకూడదు, విప్పకూడదు. ఓడిపోయింది నేనొక్కణ్ణే అన్నమాట అనుకుంటూ జాఫర్ ఖాళీ ఆటో తిప్పుకున్నాడు.

నాగేశ్వర్లు మాత్రం ఆ పిల్ల స్కూటీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, దానికి రోజూ నూనె పెట్టాల. పెట్టకపోతే తుప్పు పడతాది."

"పెట్టుకో తాతా. సాక్ష్యం చెడిపోకూడదు కదా."

టిల్లరును ఎడ్లబండికి కట్టి పంచాయతీ ఆఫీసుకు తోలారు. మర్నాడు బర్రె వచ్చింది. వసారాలో ఇంకా రెండు టిల్లర్లు ఉన్నాయి గానీ ఒక పక్కకు నెట్టి దాన్ని కట్టేశారు. నూనె పెట్టడానికి పోయిన నాగేశ్వర్లు ఆ రోజు స్పానర్ల డబ్బా అక్కడే మర్చిపోయి వచ్చాడు. తర్వాత వారం, సాక్ష్యం బాగోగులు చూడాలంటే పక్కన ఒక బల్ల ఉండాలన్నాడు. నెల తిరిగేసరికి కొమరోలు టిల్లరూ మార్కాపురం టిల్లరూ కూడా సాక్ష్యానికి తోడుగా వరండా చేరాయి. సర్టిఫికెట్ల కోసం వచ్చి కూర్చునేవాళ్లు మందుకొట్టే స్ప్రేయర్లు, కుట్టుమిషన్లు తెచ్చి ఆయన చేత బాగుచేయించుకుంటున్నారు. కరెంటు పంచాయతీదే, నీడ పంచాయతీదే. లీదియా కూడా తన స్కూటీ బ్రేకులు చూపించుకుంది.

ఇంట్లో వసారా వెల్ల వేసుకుని నిలబడింది. బర్రె ఈనింది, పెయ్యదూడ. చివరి వీధి కుళాయిలు వంతు రోజున బిందెలు నింపి పారుతున్నాయి. వాల్వు తిప్పి వచ్చేటప్పుడు సామ్యేలు రామతులసమ్మ అరుగు మీద ఆగి, రెండేళ్ల తిట్లకు బదులుగా గ్లాసెడు మజ్జిగ తాగి పోతున్నాడు.

విచారణ ఇంకా నడుస్తూనే ఉంది. అది ఎప్పటికీ తేలకూడదని ఆ ఊళ్లో ముగ్గురు మొక్కుకుంటున్నారు, అందులో తప్పు చేసినవాడు ఒక్కడే.